కొట్టు లెక్క, కోల్డ్ స్టోరేజీ లెక్క: రెండు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో లాట్లు జత కలవట్లేదు

మిర్చియార్డు_మాధవి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి లెక్కలు రాస్తాను. రెండు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు (వివరాలని పేర్లున్న ట్యాగుల మధ్య పెట్టే ఫైళ్లు) ముందేసుకుని కూర్చున్నాను, ఎటూ తేలట్లేదు. తెలిసినవాళ్లు దారి చూపించండి.

మొదటి ఫైలు మా కొట్టుది, మా అకౌంట్ల ప్యాకేజీ నుంచి తీసింది. లాటుకి ఒక ఎలిమెంట్, అంటే ట్యాగు తెరిచి మూసే ముక్క. దాని లోపల లాటు నంబరు, తేదీ, రైతు పేరు, ఊరు, జిల్లా, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), బరువు. రెండోది కోల్డ్ స్టోరేజీ వాళ్లు పంపింది. అందులో రసీదుకి ఒక ఎలిమెంట్. లాటు నంబరుని లోపల పెట్టకుండా ట్యాగులోనే యాట్రిబ్యూట్‌గా పెట్టారు. మిగతా వివరాలు దాదాపు మావే, ఎలిమెంట్ల పేర్లు మాత్రం వేరు. 2020 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా నాలుగేళ్లవి. మావి 40 వేల ఎంట్రీలు, వాళ్లవి 31 వేలు. కొన్ని లాట్లు యార్డులోనే అమ్ముడుపోతాయి కాబట్టి ఆ తేడా ఉంటుంది. కానీ కోల్డ్ స్టోరేజీకి పంపామని మేం రాసుకున్న ప్రతి లాటుకీ అక్కడ రసీదు ఉండాలి కదా. స్టాకు మీద లోన్ ఇచ్చిన బ్యాంకు రెండు లెక్కలూ కలిపి చూపించమంటోంది.

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో (ఎక్స్‌ఎంఎల్‌ని కావలసిన రూపంలోకి మార్చే భాష) స్టైల్‌షీటు, అంటే ప్రోగ్రాం, రాశాను. మా ఫైల్లో ఒక్కో లాటూ తీసుకుని, వాళ్ల ఫైలంతా వెతికి, లాటు నంబరు సమానమైతే రెండూ పక్కపక్కన రాయమన్నాను. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకి కూడా అవ్వలేదు. అయ్యాక చూస్తే కొన్నింటికి జతే లేదు, కొన్నింటికి నాలుగేసి రసీదులు తగిలాయి. ఓనరు గారు రోజూ అడుగుతున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది.

పటమట_పైథాన్

ఒకే లాటు రెండు ఫైళ్లలో ఎలా ఉందో ఇక్కడ పెట్టండి అక్కా. రైతు పేరు, ఫోన్ నంబరు తీసేసి పెట్టండి.

మిర్చియార్డు_మాధవి

మాది: లాటు 08412, తేదీ 2023-03-04, ఊరు ప్రత్తిపాడు, జిల్లా గుంటూరు, రకం తేజ, టిక్కీలు 60, బరువు 2430.

వాళ్లది: లాటు 8412, తేదీ 05/03/2023, ఊరు పత్తిపాడు, జిల్లా గుంటూరు, రకం ఎస్17 తేజ, టిక్కీలు 35, బరువు 1412.

మేం పంపింది 60 టిక్కీలు. అక్కడ 35 అని ఉంది.

బ్రాడీపేట_4వలైను

కొన్నింటికి నాలుగేసి తగిలాయి అన్నారు కదా. మీ లాటు నంబర్లు ఏటా మళ్లీ 1 నుంచి మొదలవుతాయా?

మిర్చియార్డు_మాధవి

అవునండి. ఏప్రిల్ 1న కొత్త పుస్తకం, కొత్త నంబర్లు.

బ్రాడీపేట_4వలైను

అయితే నాలుగేళ్లు, నాలుగు రసీదులు. అందులో వింతేం లేదు. లాటు నంబరు ఒక్కటే పట్టుకుని వెతికితే 2021 లాటుకి 2024 రసీదు కూడా జత పడుతుంది. ఆర్థిక సంవత్సరం, లాటు నంబరు రెండూ కలిస్తేనే మీకు గుర్తు.

జత కలపడం కాసేపు ఆపి ముందు ఈ పని చేయండి. ఏ ఫైలుకి ఆ ఫైల్లోనే, సంవత్సరం, లాటు కలిపిన విలువ ఒకటి కన్నా ఎక్కువసార్లు ఎక్కడ వచ్చిందో లెక్క తీయండి. మీ ఫైల్లో ఒక్కటి కూడా రాకూడదు. వస్తే ఎంట్రీ రెండుసార్లు పడినట్టు. వాళ్ల ఫైల్లో వస్తే ఏంటన్నది కోల్డ్ స్టోరేజీ వాళ్లని అడగాలి. ఈ లెక్క లేకుండా ఎంత మంచి ప్రోగ్రాం రాసినా వచ్చిన జతలు సరైనవో కావో మీకు తెలియదు.

సాక్సన్_సుబ్బు

బ్రాడీపేట అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు. నేను వేగం సంగతి చెప్తాను.

40 వేలు ఇంటూ 31 వేలు అంటే 124 కోట్ల పోలికలు. మీ స్టైల్‌షీటు ప్రతి లాటుకీ వాళ్ల ఫైలుని మొదటి నుంచి చివరిదాకా చదువుతోంది. దీనికి మందు 1999లో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 లోనే ఉంది: కీ.

స్టైల్‌షీటు పైన, టెంప్లేట్లకి బయట, ఒక కీ ఎలిమెంట్ పెట్టండి. నేమ్ యాట్రిబ్యూట్‌లో మీకు నచ్చిన పేరు, మ్యాచ్‌లో రసీదు ఎలిమెంట్, యూజ్‌లో ఏ విలువతో వెతకాలో అది. ప్రాసెసర్ (స్టైల్‌షీటుని నడిపే ప్రోగ్రాం) వాళ్ల ఫైలుని ఒక్కసారి చదివి సూచిక కట్టుకుంటుంది. తర్వాత ఒక్కో లాటుకీ కీ ఫంక్షన్‌ని పిలిస్తే నేరుగా ఆ రసీదు దగ్గరికే వెళ్తుంది. గంటల పని నిమిషంలోపు అవుతుంది.

చాలామంది ఇరుక్కునే చోటు ఒకటుంది. 1.0 లో కీ ఫంక్షన్ ఆ క్షణంలో ఏ డాక్యుమెంటులో ఉన్నామో అందులోనే వెతుకుతుంది. మీరు మీ లాటు మీద నిలబడి పిలిస్తే మీ ఫైల్లోనే వెతికి ఖాళీ ఇస్తుంది. అందుకని లాటు విలువని ముందు వేరియబుల్‌లో దాచుకుని, ఫర్‌ఈచ్‌తో డాక్యుమెంట్ ఫంక్షన్ ద్వారా రెండో ఫైల్లోకి దిగి, అక్కడి నుంచి కీని పిలవాలి. 2007లో వచ్చిన 2.0 నుంచి ఈ తిప్పలు లేవు. కీ ఫంక్షన్‌కి మూడో ఆర్గ్యుమెంటుగా రెండో డాక్యుమెంటుని ఇస్తే చాలు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అనే ప్రాసెసర్ వాడుతుంటే అది 1.0 మాత్రమే. సాక్సన్ హెచ్‌ఈ అనే ఇంకో ప్రాసెసర్ ఉచితం, 3.0 దాకా నడుస్తుంది.

రెండు ఫీల్డులు కలిపి కీ చేయాలంటే కన్‌క్యాట్‌తో అతికించండి, మధ్యలో నిలువు గీత లాంటి గుర్తు తప్పకుండా పెట్టండి. 3.0 లో అయితే కీకి కాంపోజిట్ అనే యాట్రిబ్యూట్ ఉంది, అతికించే పని లేదు.

కృష్ణలంక_కుర్రాడు

మధ్యలో గుర్తు ఎందుకన్నా? అతికిస్తే అతుకుతాయి కదా.

సాక్సన్_సుబ్బు

లాటు 8412, టిక్కీలు 60. అతికిస్తే 841260. లాటు 841, టిక్కీలు 260. అతికించు, మళ్లీ 841260. ఇద్దరు వేరువేరు రైతుల సరుకు ఒకటైపోయింది. గీత పెడితే 8412|60 ఒకటి, 841|260 ఒకటి.

కృష్ణలంక_కుర్రాడు

అర్థమైంది. ఇప్పుడే నా ప్రాజెక్టు ఫైలు తెరుస్తున్నా.

పటమట_పైథాన్

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని తప్పు పట్టను గానీ, అక్క పని రోజూ ఉండేది. ఓనరు గారు రేపు ఇంకో కాలమ్ అడుగుతారు, ఎల్లుండి ఇంకోటి. పైథాన్‌లో అయితే సర్దుకోవడం తేలిక. ఎలిమెంట్‌ట్రీ అనే మాడ్యూల్‌తో వాళ్ల ఫైలు చదివి, సంవత్సరం, లాటు జంటని తాళంగా పెట్టి ఒక డిక్షనరీ కట్టండి. ఒక్కో తాళానికి ఒక రసీదు కాకుండా రసీదుల జాబితా ఉంచండి, ఎందుకంటే ఒకే లాటుకి రెండు రసీదులు ఉండొచ్చు. తర్వాత మీ ఫైలు మీద ఒక్కసారి నడవండి. 40 వేల అడుగులు, అంతే.

ఫైలు పెద్దదైతే ముక్కముక్కగా చదివే ఇటర్‌పార్స్ వాడి, పని అయిన ఎలిమెంట్‌ని క్లియర్ చేసుకుంటూ పోతే మెమరీ నిండదు.

పాండాస్ (పట్టికల పనికి పైథాన్ లైబ్రరీ) అలవాటు ఉంటే ఇంకా సుఖం. 1.3 వెర్షన్ నుంచి రీడ్ ఎక్స్‌ఎంఎల్ ఉంది. రెండు పట్టికల్ని కలిపే మెర్జ్‌లో ఔటర్ పెట్టి, ఇండికేటర్ ఆన్ చేస్తే ఏ వరస రెండు చోట్లా ఉంది, ఏది మీ ఫైల్లోనే ఉంది, ఏది వాళ్ల ఫైల్లోనే ఉంది అన్నది ఒక కాలమ్‌లో రాసి ఇస్తుంది. బ్యాంకుకి కావలసింది ఆ కాలమే.

గవర్నర్‌పేట_ఎక్సెల్

ఆవిడ లెక్కలు రాసే మనిషి, ప్రోగ్రామర్ కాదు. ఎక్సెల్ పవర్ క్వెరీలో (బయటి ఫైళ్లు తెచ్చి కలిపే భాగం) రెండు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లూ తెరుచుకుంటాయి. మెర్జ్ క్వెరీస్‌లో కంట్రోల్ నొక్కి పట్టుకుని రెండు వైపులా సంవత్సరం, లాటు కాలమ్‌లు ఒకే వరసలో ఎంచుకోవాలి. లెఫ్ట్ యాంటీ ఎంచుకుంటే జత దొరకని లాట్లు మాత్రమే వస్తాయి. ఒక్క లైను కోడ్ లేదు.

పటమట_పైథాన్

అన్నా, ఆవిడ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీటు సొంతంగా రాశారు. కోడ్ అంటే భయపడే మనిషి కాదు.

మిర్చియార్డు_మాధవి

భయం లేదు, టైమే లేదు. ఏది తొందరగా తేలితే అది.

బ్రాడీపేట_4వలైను

ఎక్సెల్ అయినా పాండాస్ అయినా ఒక జాగ్రత్త. రెండూ తమంతట తామే 08412 ని అంకె అనుకుని 8412 చేసేస్తాయి. ఈ కేసులో అది మంచిదే అనిపిస్తుంది, కానీ సున్నాలు అర్థంతో ఉన్న ఫీల్డులు కూడా అలాగే పోతాయి. పవర్ క్వెరీలో ఆ కాలమ్ టైపుని టెక్స్ట్ చేయండి. పాండాస్‌లో అయితే 1.5 నుంచి రీడ్ ఎక్స్‌ఎంఎల్‌లోనే టైపు చెప్పొచ్చు. ఆ తర్వాత లాటు నంబరుని మీ చేత్తో ఒక పద్ధతిలోకి తెచ్చుకోండి: రెండు వైపులా ముందు సున్నాలు తీసేయడం, లేకపోతే రెండు వైపులా ఐదంకెలకి నింపడం.

మీ పాత స్టైల్‌షీటులో జత దొరకని లాట్లకి ఒక కారణం కూడా ఇదే. ఎక్స్‌పాత్‌లో (ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ లోపల వెతకడానికి వాడే భాష) రెండు నోడ్‌లని సమానమా అని అడిగితే అక్షరాలుగా పోలుస్తుంది. 08412, 8412 అక్షరాలుగా వేరే. నంబర్ ఫంక్షన్‌లో పెట్టి పోలిస్తే ఒకటే.

అరండల్‌పేట_ఆడిటర్

మీరంతా యంత్రం సంగతి చెప్తున్నారు. నేను సరుకు సంగతి చెప్తాను, పోల్చే ఫీల్డులు ఎంచుకోవడానికి అదే ముఖ్యం.

బరువుని ఎప్పుడూ కీలో పెట్టకమ్మా. యార్డులో కాటా వేరు, కోల్డ్ స్టోరేజీలో కాటా వేరు. మచ్చు తీస్తారు, కాయ ఆరుతుంది, టిక్కీకి అరకిలో అటూ ఇటూ అవుతుంది. నీ లెక్కలో టిక్కీ 40 కిలోల 500 గ్రాములు పడింది. వాళ్ల రసీదులో 1412ని 35తో భాగిస్తే 40 కిలోల 340 గ్రాములు. రెండూ నిజమైన లెక్కలే. సమానం అన్న గుర్తు పెడితే ఒక్కటీ కలవదు. బరువు జత కుదిరాక సరిచూసుకోవడానికి పనికొస్తుంది, జత వెతకడానికి కాదు.

రకం కూడా అంతే. నువ్వు తేజ అని రాస్తే వాళ్లు ఎస్17 అంటారు. కొట్టులో మంచి రకం అని పంపింది అక్కడ విప్పి చూసి తాలు (నాసిరకం కాయ) కింద వేరు చేసి రాయడం నేను చూశాను. తేదీ అయితే లారీ రాత్రి యార్డులో బయల్దేరి తెల్లారి దిగుతుంది, సీజన్లో లైన్లో ఉంటే ఇంకో రోజు. తేదీ అచ్చంగా కలవాలని పట్టుబట్టకు, మూడు రోజుల లోపు ఉందా అని అడుగు.

మారనిది లాటు నంబరు ఒక్కటే. అది లారీ చీటీ మీద ఉంటుంది, ఆ చీటీ చూసే వాళ్లు ఎక్కించుకుంటారు.

మిర్చియార్డు_మాధవి

అయితే 60 టిక్కీలు 35 ఎలా అయ్యాయండి?

అరండల్‌పేట_ఆడిటర్

ఆ లాటు మీద ఇంకో రసీదు వెతుకు. ఒక గదిలో చోటు లేక మిగతావి ఇంకో గదిలో పెట్టి ఉంటారు. గదికి ఒక రసీదు.

మిర్చియార్డు_మాధవి

ఉంది! లాటు 8412, అదే ఏడాది, 25 టిక్కీలు, ఇంకో చాంబర్. 35, 25 కలిపితే 60.

బ్రాడీపేట_4వలైను

ఇప్పుడు అసలు పని తేలింది. మీది ఒక లాటుకి ఒక రసీదు జత కాదు, ఒక లాటుకి అనేక రసీదులు. అందుకని వాళ్ల ఫైల్లో ముందు సంవత్సరం, లాటు వారీగా గుంపులు చేసి టిక్కీలు కూడండి. ఆ కూడిక మీ టిక్కీలతో సమానమా అన్నది చూడాలి. విడి రసీదుని లాటుతో పోలిస్తే ఎప్పటికీ తేడానే కనపడుతుంది.

సాక్సన్_సుబ్బు

1.0 లో గుంపులు చేయడానికి మ్యూన్‌కియన్ పద్ధతి ఉంది, ఒరాకిల్‌లో పనిచేసిన స్టీవ్ మ్యూంక్ పేరు మీద వచ్చింది. అదీ కీ మీదే నడుస్తుంది. 2.0 అయితే ఫర్‌ఈచ్‌గ్రూప్ ఉంది, నాలుగు లైన్లలో అయిపోతుంది. మాధవి గారి కేసులో అసలు గుంపులు కూడా అక్కర్లేదు. కీ ఫంక్షన్ ఆ లాటు రసీదులన్నీ ఒకేసారి ఇస్తుంది, సమ్ ఫంక్షన్‌లో వాటి టిక్కీలు పడేస్తే సరి.

లబ్బీపేట_లలిత

పైన ఎవరో ఫోన్ నంబరు అన్నారు. దయచేసి దాన్ని కీగా పెట్టకండి. విజయవాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో చేశాను. ల్యాబ్ మెషీన్ల ఎక్స్‌ఎంఎల్, రిసెప్షన్ ఎక్స్‌ఎంఎల్ కలపాలి. ఎవరో ఫోన్ నంబరు, తేదీ మీద కలిపారు. తల్లీ, పిల్లాడూ ఒకే రోజు వచ్చారు, ఇద్దరికీ ఇచ్చింది ఒకటే నంబరు. పిల్లాడి రక్తం రిపోర్టు తల్లి పేరు మీద వెళ్లింది. డాక్టరు గారు హిమోగ్లోబిన్ చూసి అనుమానపడి మళ్లీ అడగబట్టి దొరికింది. ఊళ్లల్లో అయితే ఇంటికంతా ఒకటే నంబరు, ఒక్కోసారి ఎరువుల కొట్టతని నంబరు.

పటమట_పైథాన్

లలితక్క చెప్పినదానికి ఇంకోటి కలుపుతాను. పాండాస్ మెర్జ్‌లో ఖాళీ కీలు ఒకదానితో ఒకటి జత పడతాయి. డేటాబేసుల్లో ఎస్‌క్యూఎల్ జాయిన్ అలా చేయదు. ఇటు 200 వరసల్లో, అటు 300 వరసల్లో నంబరు లేకపోతే 60 వేల దొంగ జతలు పుడతాయి. కీ ఖాళీగా ఉన్న వరసల్ని మెర్జ్‌కి ముందే పక్కకి తీసేయాలి.

తెనాలి_తాతారావు

రైతు పేరు, ఊరు కలిపితే? మా దగ్గర అన్నీ అలాగే చూస్తాం.

గవర్నర్‌పేట_ఎక్సెల్

పవర్ క్వెరీలో ఫజీ మ్యాచింగ్ ఉందండి. పేర్లలో చిన్న తేడా ఉన్నా కలిపేస్తుంది. ఎంత దగ్గరగా ఉండాలో 0 నుంచి 1 మధ్యలో మనమే చెప్పొచ్చు.

అరండల్‌పేట_ఆడిటర్

డబ్బు లెక్కలో దగ్గర దగ్గరగా కలవడం ఒప్పుకోను. ఒకే ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరు రైతులు ఉంటారు, తాత పేరే మనవళ్లిద్దరికీ పెడతారు. ఒకరి టిక్కీలు ఇంకొకరి ఖాతాలో పడితే ఆ రైతుకి ఎవరు సమాధానం చెప్తారు?

కృష్ణలంక_కుర్రాడు

నెహ్రూ బస్టాండులో నిలబడి వెంకటేశ్వర్లూ అని పిలిస్తే ఒక ప్లాట్‌ఫారం మొత్తం వెనక్కి తిరుగుతుంది.

బ్రాడీపేట_4వలైను

కుర్రాడు సరదాగా అన్నా అందులో విషయం ఉంది. సౌండెక్స్ అని ఉచ్చారణ బట్టి పేర్లు కలిపే పద్ధతి ఉంది, రాబర్ట్ రసెల్ 1918లో పేటెంటు తీసుకున్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పేరులో మొదటి అక్షరం ఉంచి, తర్వాతి హల్లులకి మూడంకెలు ఇస్తుంది. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు, వెంకటరమణ, వెంకటరత్నం అన్నింటికీ వచ్చేది వి523. వి తర్వాత ఎన్‌కి 5, కే కి 2, టీ కి 3. అక్కడితో మూడంకెలు అయిపోయాయి, మిగతా పేరు చూడనే చూడదు. మన పేర్లకి అది పనికిరాదు.

అయితే ఆడిటర్ గారూ, పేరుని పూర్తిగా వదిలేయమనను. ఈ విషయం మీద 1969లో ఐవాన్ ఫెలెగీ, అలాన్ సంటర్ రాసిన పేపరు ఇప్పటికీ పునాది. వాళ్లు మూడు కుప్పలు చేయమన్నారు. ఖాయంగా జత, ఖాయంగా జత కాదు, మధ్యలో మనిషి కళ్లతో చూడాల్సినవి. పేరు పోలిక ఆ మూడో కుప్పలో ఏది ముందు చూడాలో చెప్పడానికి మాత్రం వాడాలి. ఖాతాలో రాయడానికి కాదు.

అరండల్‌పేట_ఆడిటర్

అలా అయితే సరే. మూడో కుప్ప మీద మనిషి సంతకం ఉండాలి.

ఏలూరురోడ్డు_పుస్తకాలు

మాది విజయవాడలో పుస్తకాల పంపిణీ, కానీ బాధ ఇదే. పబ్లిషర్ల జాబితా ఎక్స్‌ఎంఎల్‌లో వస్తుంది, మా గోడౌన్ జాబితా ఇంకోటి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) మీద కలుపుదామంటే పాత పుస్తకాల మీద పదంకెలది, 2007 జనవరి నుంచి వచ్చినవాటి మీద పదమూడంకెలది. ముందు 978 తగిలిస్తే సరిపోదు, చివరి చెక్ అంకె మళ్లీ లెక్క కట్టాలి. దానికి ఫంక్షన్ రాసుకుని రెండు వైపులా పదమూడుకి మార్చాక చాలావరకు కుదిరాయి. ఐఎస్‌బీఎన్ లేని పాత తెలుగు పుస్తకాలకి పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం పెట్టాం. ముద్రణ లేకుండా కలిపితే పాత ధర పుస్తకానికి కొత్త ధర పడుతుంది.

మాకు తేలనిది ఒకటి ఉండిపోయింది. కొన్ని పేర్లు తెర మీద అచ్చం ఒకేలా కనపడతాయి, అయినా సమానం కాదంటుంది.

సాక్సన్_సుబ్బు

తెలుగులో దానికి మూడు కారణాలు చూశాను.

ఒకటి, కనపడని అక్షరం. పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఉండటానికి కీబోర్డు జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడుతుంది. ఒకరు టైపు చేసినదాంట్లో అది ఉంటుంది, ఇంకొకరి దాంట్లో ఉండదు. ట్రాన్స్‌లేట్ ఫంక్షన్‌తో దాని కోడ్ అయిన యూ+200సీ ని రెండు వైపులా తీసేయండి.

రెండు, ఐత్వం. దాన్ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వం, ఐత్వపు గుర్తు రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. యూనికోడ్ (అక్షరాల కోడ్‌ల ప్రమాణం) ప్రకారం రెండూ సమానమే, కంప్యూటర్ బైట్లు పోల్చితే సమానం కాదు. ఎక్స్‌పాత్ 2.0 లో నార్మలైజ్ యూనికోడ్ ఉంది, పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్ ఉంది.

మూడు, ఖాళీలు. నార్మలైజ్ స్పేస్ మామూలు స్పేస్, ట్యాబ్, లైన్ మార్పులని మాత్రమే సర్దుతుంది. వెబ్ పేజీ నుంచి కాపీ కొట్టిన పేరులో నో బ్రేక్ స్పేస్ ఉంటే దాన్ని ముట్టుకోదు. ముందు దాన్ని మామూలు స్పేస్‌గా మార్చి, ఆ తర్వాత నార్మలైజ్ చేయాలి.

ఏలూరురోడ్డు_పుస్తకాలు

మాది మొదటిదే. పబ్లిషర్ ఫైల్లో నాన్ జాయినర్లు కుప్పలుగా ఉన్నాయి. అను ఫాంట్లలో టైపు చేసిన పాత జాబితా సంగతి ఏంటి?

సాక్సన్_సుబ్బు

అది యూనికోడే కాదు, తెలుగు ఆకారాలు తొడుక్కున్న ఇంగ్లీషు కోడ్‌లు. ముందు కన్వర్టర్‌తో మార్చి, మార్చాక పది పేజీలైనా చదివి చూసి, అప్పుడు పోల్చండి.

మిర్చియార్డు_మాధవి

సుబ్బు గారు చెప్పినట్టు సాక్సన్‌లో కీ పెట్టాను. కళ్లు మూసి తెరిచేలోపు అయిపోయింది! ఇప్పుడు జత లేని లాట్ల జాబితా తీస్తుంటే మళ్లీ తేడా. లాటు నంబరు వాళ్ల ఏ రసీదుకీ సమానం కానిది ఇవ్వమని నాట్ ఈక్వల్ గుర్తు పెట్టాను. 40 వేలూ వచ్చేశాయి.

సాక్సన్_సుబ్బు

ఎక్స్‌పాత్‌లో ఒక గుంపుతో పోల్చినప్పుడు నాట్ ఈక్వల్ అంటే "గుంపులో ఏదో ఒకటి వేరుగా ఉంటే చాలు" అని. 31 వేల రసీదుల్లో వేరేది ఒకటి ఎప్పుడూ ఉంటుంది, అందుకే అన్నీ నిజం అయ్యాయి. ఈక్వల్ పెట్టి దాని చుట్టూ నాట్ ఫంక్షన్ పెట్టండి. మీకు కీ ఉంది కాబట్టి, నాట్ లోపల కీ ఫంక్షన్ పిలుపు పెడితే చాలు. రసీదు దొరకకపోతే నిజం అవుతుంది.

బ్రాడీపేట_4వలైను

జిల్లా ఫీల్డు ఎక్కడైనా పోలికలో వాడుతున్నారా? వాడితే తీసేయండి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మీ డేటా సరిగ్గా దానికి అటూ ఇటూ ఉంది. నరసరావుపేట రైతు 2021లో గుంటూరు జిల్లా, 2023లో పల్నాడు జిల్లా. మీ ప్యాకేజీలో పాతదే ఉండిపోయి, వాళ్లు మార్చి ఉంటే, ఒకే మనిషి రెండు జిల్లాల మనిషి అవుతాడు. ఊరు కావాలంటే కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఆ ఊరికి ఇచ్చిన కోడ్ రాసుకోండి. ప్రత్తిపాడు అని కాకినాడ జిల్లాలో కూడా ఉంది.

మిర్చియార్డు_మాధవి

సరిచేసి, జత లేనివాటిలో ఒక గుంపు చూస్తే సగం బాపట్ల, పల్నాడు ఊళ్లే. జిల్లా తీసేశాక అవన్నీ కుదిరాయి.

ఇప్పుడు మిగిలినవాటిలో ఒక తీరు కనపడుతోంది. ఎక్కువ భాగం మార్చి ఆఖరి రోజుల లాట్లు. రసీదులు లేవా అంటే ఉన్నాయి, చేత్తో వెతికితే దొరుకుతున్నాయి. ప్రోగ్రాంకి దొరకట్లేదు.

అరండల్‌పేట_ఆడిటర్

సంవత్సరం ఎక్కడి నుంచి తీస్తున్నావు? తేదీ నుంచేనా?

మిర్చియార్డు_మాధవి

అవునండి. ఏప్రిల్ నుంచి మార్చి అని లెక్క కట్టి తీస్తున్నాను.

అరండల్‌పేట_ఆడిటర్

మార్చి 31 రాత్రి లారీ వెళ్తుంది. లాటు పాత ఏడాదిది, పాత పుస్తకం నంబరు. వాళ్లు ఏప్రిల్ 1న దించుకుని రసీదు రాస్తారు. నీ ప్రోగ్రాం ఆ రసీదుని కొత్త ఏడాదిలో వేసింది. మన దగ్గర మార్చి, ఏప్రిల్ అంటే సరుకు ముంచెత్తే రోజులు, అందుకే అన్ని లాట్లు తప్పిపోయాయి. కాయ సెప్టెంబరులో వచ్చే పంటైతే నీకిది కనపడేదే కాదు.

బ్రాడీపేట_4వలైను

భలే పట్టారు ఆడిటర్ గారూ.

మాధవి గారూ, రెండు విడతల్లో చేయండి. మొదటి విడత ఇప్పుడున్నట్టే. రెండో విడతలో మిగిలిన రసీదులు మాత్రమే తీసుకుని, తేదీ ఏప్రిల్ మొదటి వారంలో ఉంటే కిందటి ఏడాది కీతో వెతకండి. దొరికినదానికి రసీదు తేదీ లాటు తేదీ కన్నా ముందు లేదని, మూడు రోజులు దాటలేదని సరిచూడండి. ఏ విడతలో కలిసిందో ఒక కాలమ్‌లో రాయండి, బ్యాంకు వాళ్లు అడిగితే చూపించొచ్చు.

వాళ్ల తేదీ 05/03/2023 అని ఉంది, అది మార్చి 5. కంప్యూటర్ సెట్టింగు అమెరికా పద్ధతిలో ఉంటే మే 3 అయిపోతుంది. సబ్‌స్ట్రింగ్‌తో ముక్కలు చేసి ఏడాది, నెల, రోజు వరసలో పేర్చుకోండి, ఎవరి సెట్టింగు మీదా వదలకండి.

మిర్చియార్డు_మాధవి

రెండో విడత అయ్యింది. మార్చి ఆఖరువన్నీ కుదిరాయి. ఇంకా మిగిలినవి ఒక పేజీలో పడతాయి. వాటిలో కొన్నింటికి లాటు దొరికింది గానీ టిక్కీలు ఒకటో రెండో తక్కువ. ఒక ఏడింటికి అసలు రసీదే లేదు.

అరండల్‌పేట_ఆడిటర్

టిక్కీ తేడా ఉన్నవాటికి లారీ చీటీలు తియ్యి, దింపుకున్న సంతకం పక్కన ఎంత రాశారో చూడు. ఆ ఏడింటికి కోల్డ్ స్టోరేజీకి స్వయంగా వెళ్లి రిజిస్టరు అడుగు. ఫోన్లో అడిగితే కంప్యూటర్లో చూసి లేదనే చెప్తారు. నువ్వు చూడాల్సింది చేత్తో రాసిన గేటు రిజిస్టరు. బ్యాంకుకి కుదిరినవాటితో పాటు ఈ పేజీ కూడా ఇవ్వు, దాచకు. లోన్ ఆఫీసరుకి తేడా ఎంతో, ఎందుకో రాసి ఉన్న కాగితం చూస్తేనే నమ్మకం.

మిర్చియార్డు_మాధవి

రేపు పొద్దున్నే వెళ్తున్నాను. అందరికీ చాలా థాంక్సండి.

మంగళగిరి_చేనేత

ఇదంతా చదివి నేనూ మొదలుపెట్టా. మా సొసైటీ నూలు లెక్క, చీరల లెక్క కలపాలి. నా ఫైలు తెరుచుకోవట్లేదు. చెల్లని క్యారెక్టర్ అంటోంది, లైను నంబరు చూపిస్తోంది. అక్కడ యాంపర్‌శాండ్, హ్యాష్, 4, సెమీకోలన్ ఉన్నాయి.

పటమట_పైథాన్

అది నాలుగో నంబరు కంట్రోల్ క్యారెక్టర్. ఎక్స్‌ఎంఎల్ 1.0 లో 32 కన్నా కిందవాటిలో ట్యాబ్, రెండు లైన్ గుర్తులు తప్ప ఏవీ చెల్లవు, ఆ రూపంలో రాసినా చెల్లవు. ఫైలుని ముందు మామూలు టెక్స్ట్‌గా తెరిచి ఆ ముక్కలన్నీ తీసేసి దాచుకుని, ఆ కాపీని పార్సర్‌కి (ఎక్స్‌ఎంఎల్ చదివే ప్రోగ్రాంకి) ఇవ్వండి. అసలు ఫైలు అలాగే ఉంచండి. ఎన్‌కోడింగ్ కూడా చూసుకోండి, యూటీఎఫ్ 16 అయితే తెరిచేటప్పుడు ఆ పేరు చెప్పాలి, లేకపోతే అక్షరం అక్షరానికీ మధ్య చెత్త కనపడుతుంది.

మంగళగిరి_చేనేత

యూటీఎఫ్ 16 నే. ఆ ముక్కలు తీసేశాక తెరుచుకుంది. నూలు లాటుకి నంబరు ఉంది, చీరకి కూడా అదే నంబరు రాస్తున్నాం, ఒక లాటు నూలులో చాలా చీరలు వస్తాయి. మాధవి గారి రసీదుల్లాగే కూడి పోల్చాలనుకుంటా.

సాక్సన్_సుబ్బు

అవును, అదే లెక్క. చీర బరువులు కూడి నూలు బరువుతో పోల్చండి, సమానం అని కాకుండా తరుగు ఎంతవరకు ఒప్పుకుంటారో మీ సొసైటీలో అడిగి ఆ హద్దు పెట్టండి.